పనికిరాదన్న టేకు

పోయిన వారం కత్తెరమ్మని ఎడిటింగ్ గది తలుపు ముందు నిలబెట్టేసి ఎవరి పనుల మీద వాళ్ళం వెళ్ళిపోయాం. పాపం, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. చేతిలో టీ చల్లారిపోయింది. లోపల వాళ్ళన్నయ్య ఉన్నాడు. షూటింగులో తీసి, అన్నయ్య పనికిరాదని పక్కన పారేసిన టేకు ఒకటి ఆవిడకి దొరికింది. అది సినిమాని బతికిస్తుందని ఆవిడకి తెలుసు, అన్నయ్యని ఏం చేస్తుందో తెలియదు. అందుకే ఆ నిలబడటం.

మధ్యలో వచ్చి చేరినవాళ్ళకి కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను, పాతవాళ్ళు కాస్త ఓపిక పట్టండి. అన్నయ్య సినిమా తీశాడు. కొండలు లేచి కూర్చునే సినిమా. ఒక దేశంలో కొండ నిద్రపోయింది, దాని ఒళ్ళో పుట్టే నదులన్నీ ఆగిపోయాయి. నది లేకపోతే పడవ నడిపేవాళ్ళ గతేమిటి? పడవావిడ ఒకావిడ మొగుణ్ణి వెంటబెట్టుకుని కొండని లేపడానికి బయల్దేరింది. దారిలో ఓ ముసలావిడ ఆవిడ చేతికి బూర ఇచ్చింది. ఊదితే మూసుకుపోయిన దారి తెరుచుకుంటుంది, కానీ ఊదిన ప్రతిసారీ జ్ఞాపకాల్లోంచి ఒకటి జారిపోతుంది. ముసలావిడ ఈ సంగతి దాచలేదు, చెప్పి మరీ ఇచ్చింది. మొదటిసారి ఊదితే పడవ పాట పోయింది. తర్వాత చిన్నప్పటి ఇల్లు పోయింది. ఆ తర్వాత కన్నతల్లి పేరు. కొండని లేపడానికి ఆఖరిసారి ఊదాలి.

ఆ పడవావిడ వేషం వేసింది వదిన, అంటే అన్నయ్య భార్య. సినిమాని కూర్చింది చెల్లెలు, మన కత్తెరమ్మ. ఆవిడ ఈ పనిలోకి వచ్చేనాటికే ఫిల్ము రీళ్ళు పోయి కంప్యూటర్లు వచ్చేశాయి. జన్మలో కత్తెర పట్టిన పాపాన పోలేదు, అయినా పేరు అంటుకుపోయింది. శబ్దాలన్నీ మేనమామవి. ఇంటిల్లిపాదీ ఆ కొండ కిందే కాపురం పెట్టారన్నమాట. మొన్న ఓ చిన్న హాల్లో కొంతమందిని కూర్చోబెట్టి సినిమా వేసి చూపించారు. కొండ లేచింది. దుమ్ము రేగింది, పక్షులు ఎగిరాయి, వాద్యాలన్నీ ఒక్కసారిగా మోగాయి. సరిగ్గా ఆ సమయానికి ముందు వరసలో ఓ పెద్దావిడ కాలితో చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టింది. రేపు సాయంత్రానికి ఆఖరి ప్రతి వెళ్ళిపోవాలి. ఇదీ సంగతి. ఇక తలుపు తీద్దాం.

మధ్యాహ్నమే కానీ ఆ వరండాలో పొద్దు ఎంతయిందో ఎవరికీ తెలియదు. కిటికీలన్నిటికీ నల్ల తెరలు. తెర పక్కగా జారిన ఎండ సన్నగా నేల మీద పడి, గాలికి తెర కదిలినప్పుడల్లా అటూ ఇటూ ఊగుతోంది. మూడేళ్ళుగా ఆ కొండ దేశంలోనే బతుకుతోంది కదా, ఏది ఎక్కడ ఆగి ఏది మొదలవుతుందో కత్తెరమ్మకి ఈమధ్య సరిగ్గా అంతుపట్టడం లేదు. బస్సు కోసం నిలబడితే ఎదురు మేడ మెల్లగా ఊపిరి పీలుస్తున్నట్టు ఉంటుంది. స్నానానికి కుళాయి తిప్పి, నీళ్ళు రాగానే 'అమ్మయ్య, కొండ లేచింది' అనుకుంటుంది. పిచ్చి పడుతోందేమోనని ఓ రోజు మామయ్యతో అంటే ఆయన నవ్వాడు.

"నా సంగతి విన్నావా?" అన్నాడు. "ఆ కొండ గురక ఎవరిదనుకున్నావు? మీ అత్తయ్యది. పడుకున్నాక రికార్డు చేసి, బాగా నెమ్మది చేశాను. ఇప్పుడు ఇంట్లో ఆవిడ గురక పెడితే, నేను లేచి కూర్చుని నది ఎటునుంచి వస్తుందా అని చూస్తున్నా. నీ పిచ్చి నయమే అమ్మాయ్."

"అత్తయ్యకి తెలుసా?"

"తెలిస్తే నేనింకా ఇలా నిలబడి మాట్లాడతానా?"

ఇప్పుడు కత్తెరమ్మ తలుపు తోసింది. లోపల చీకటి, చీకట్లో ప్రొజెక్టర్ వెలుగుకి నీలంగా తెర. తెర మీద కొండ కన్ను సగం తెరుచుకుని ఆగిపోయి ఉంది. ఆ వెలుగులో అన్నయ్య సోఫాలో కాళ్ళు ముడుచుకుని కూర్చుని, గ్రాఫిక్స్ చేసేవాళ్ళతో ఫోన్లో మాట్లాడుతున్నాడు. గడ్డం పెరిగిపోయింది. చొక్కా గుండీలు ఒకదాని కాజాలో ఇంకొకటి పెట్టుకున్నాడు.

"ఇంకా పెద్దది కావాలి," అంటున్నాడు ఫోన్లో. "భుజం మీంచి రాళ్ళు రాలాలి. ఇంకో గుంపు పక్షుల్ని వెయ్యండి. కాదు కాదు, వాటి వెనకాల ఇంకో గుంపు... రేపు పొద్దుటికి అవుతుందా? అవ్వాలి బాబూ, అవ్వకపోతే ఎలా?"

ఫోను పెట్టేసి చెల్లెల్ని చూశాడు. "కొండ చాల్లేదే. అందుకే ఆ పెద్దావిడ చెప్పులు వెతుక్కుంది. కొండ లేస్తుంటే కాళ్ళు పైకి పెట్టుకుని కూర్చోవాలి జనం."

కత్తెరమ్మ కుర్చీ లాక్కుని కూర్చుంది. టీ గ్లాసు పక్కన పెట్టి, ఆ ఘట్టాన్ని మొదటికి తిప్పి మళ్ళీ వేసింది. పడవావిడ బూర ఊదింది. ఆ తర్వాత కొండ లేదు. తెర మీద కొండ దగ్గర గుమిగూడిన జనం ముఖాలే ఉన్నాయి, పైకి చూస్తున్న ముఖాలు.

"కొండేదే?"

"తీసేశాను."

"మతి ఉండే చేశావా?"

"కాసేపు చూడు, మళ్ళీ పెట్టేస్తాలే. నీ కొండ ఎక్కడికీ పోదు."

చూశాడు. పైకి చూస్తున్న ముఖాలు. అందరూ ఒకేలా నోళ్ళు తెరుచుకుని ఉన్నారు. దంతవైద్యుడి దగ్గరికి వచ్చినవాళ్ళలా ఉన్నారని కత్తెరమ్మకి నెల కిందటే అనిపించింది, అన్నయ్య నొచ్చుకుంటాడని నోరు మూసుకుంది. ఇప్పుడు అనేసింది. అన్నయ్యకి నవ్వొచ్చింది, వెంటనే నవ్వినందుకు కోపమూ వచ్చింది.

"అంటే?"

"కొండ ఎంత పెద్దదో కొండని చూస్తే తెలియదన్నయ్యా. దాన్ని చూసేవాళ్ళ ముఖాల్లో తెలుస్తుంది. నువ్వు ఎన్ని రాళ్ళు రాల్చినా, ఎన్ని పక్షుల్ని ఎగరేసినా అంతే. అసలు నీ కొండ చిన్నదని ఎవరన్నారు? చిన్నది కాదు. ఊరికే లేచింది, అంతే."

"ఊరికే లేచిందా!" అన్నయ్య సోఫాలోంచి లేచాడు. "మూడేళ్ళు! నడుం పడిపోయింది నాకు. జుట్టు చూడు. ఊరికే లేచిందంటావా?"

"నీ నడుం తెర మీద కనపడదు కదా," అంది కత్తెరమ్మ. "ముసలావిడ ఏం చెప్పింది? ఊదినప్పుడల్లా ఒకటి పోతుందని చెప్పింది. ఆ మాట నువ్వు మర్చిపోయావు, ముందు వరస పెద్దావిడ మర్చిపోలేదు. నేను సినిమా చూడలేదు ఆ రోజు, ఆవిడనే చూస్తూ కూర్చున్నాను. పాట పోయినప్పుడు ఆవిడ కళ్ళు తుడుచుకుంది. తల్లి పేరు పోయినప్పుడు పక్కావిడ చెయ్యి పట్టుకుంది. ఆఖరిసారి ఏం పోతుందో అని గుండె చిక్కబట్టుకుని కూర్చుంది. నువ్వేం చేశావు? కొండ లేచింది, నది దూకింది, మొగుడూ పెళ్ళాం వాటేసుకున్నారు. ఏదీ పోలేదు. చెప్పులు వెతుక్కోక ఏం చేస్తుంది పాపం?"

రాసుకున్న కథలో ఆఖరిసారి పోవలసింది ఏమిటో ఆ గదిలో ఇద్దరికీ తెలుసు. కొండ కన్ను తెరుస్తుంది, పడవావిడ మొగుణ్ణి మర్చిపోతుంది. అదే కథ. ఆ ఘట్టం తీశారు కూడా. టేకు మీద టేకు తీశారు. వదిన ఏడ్చింది, వెక్కి వెక్కి ఏడ్చింది, మోకాళ్ళ మీద పడి ఏడ్చింది. ఒక్కటీ కుదరలేదు. కూర్చేటప్పుడు అన్నయ్య ఓ రోజు వచ్చి, 'ఇది మొత్తం తీసెయ్, వాటేసుకున్నది పెట్టు, జనానికి అదే నచ్చుతుంది' అన్నాడు. కత్తెరమ్మ కూడా సరేనంది. ఏడుపు టేకులు ఆవిడకీ నచ్చలేదు.

"ఆ ఏడుపులు బాగోలేవు కాబట్టే కదా తీసేశాం," అన్నాడు అన్నయ్య.

"ఏడవని టేకొకటి ఉంది."

గదిలో ఏదో మారింది. అన్నయ్య కదల్లేదు, అయినా మారింది. అతను అప్పుడే నిద్రలేచినవాడిలా తెరవంక చూశాడు.

"అది పనికిరాదన్నాను."

"అన్నావు. అందుకే ఎవరూ చూడలేదు. నేను చూశాను."

ఇక్కడ ఓ చిన్న సంగతి చెప్పాలి, లేకపోతే ముందు ముందు అర్థం కాదు. ఇలాంటి సినిమాల్లో తీసేటప్పుడు కొండా ఉండదు, కన్నూ ఉండదు. అవన్నీ తర్వాత కంప్యూటర్లో పుడతాయి. మరి నటించేవాళ్ళు ఎటు చూడాలి? పొడుగాటి కర్ర చివర పచ్చ బంతి ఒకటి గుచ్చి పట్టుకుంటారు. బంతే కొండ కన్ను. బంతిని చూసి హడలిపోవాలి. కర్ర పట్టుకోవడానికి మనుషులున్నా అన్నయ్య ఎవరికీ ఇచ్చేవాడు కాదు, నా కొండ కన్ను నేనే పట్టుకుంటాననేవాడు. ఆ రోజు మొగుడి వేషం వేసే అతనికి జ్వరం. వదిన ముఖం ఒక్కటే తియ్యాలి కాబట్టి, మొగుడు నిలబడాల్సిన చోట కూడా అన్నయ్యే నిలబడ్డాడు, చేతిలో కర్ర పట్టుకుని. వదిన ముందు పైన ఉన్న బంతిని చూడాలి. తర్వాత చూపు దించి మొగుణ్ణి చూడాలి.

కత్తెరమ్మ మీట నొక్కింది.

తెర నిండా వదిన ముఖం. కనుబొమల మీద దుమ్ము. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. గాలికి జుట్టు ముఖం మీద పడుతోంది, తీసుకోవడం లేదు. శబ్దం లేదు, ఆ రోజు గాలి అంతా మింగేసింది. పైకి చూస్తోంది. ఎంత పెద్దదాన్ని చూస్తోందో ఆ కళ్ళలో తెలుస్తోంది, కొండని గీసి చూపించక్కర్లేదు. ఆ చూపు మెల్లగా కిందికి దిగింది. దిగి, ఎదురుగా ఉన్న మనిషి మీద ఆగింది.

ఏడవలేదు. నవ్వింది. మెట్ల మీద ఎదురైన ముక్కూమొహం తెలియని మనిషిని చూసి నవ్వే నవ్వు. భుజం మీద గుడ్డ సర్దుకుంది, పరాయివాళ్ళ ముందు సర్దుకున్నట్టు. అతను దారికి అడ్డంగా ఉన్నాడనుకుందో ఏమో, కొంచెం పక్కకి జరిగింది. పెదవులు కదిలాయి. ఎవరండీ మీరు?

కత్తెరమ్మ దాన్ని ఎన్నోసారి చూస్తోందో ఆవిడకే తెలియదు. అయినా కుర్చీ అంచుకి జరిగింది.

"ఆపు," అన్నాడు అన్నయ్య.

ఆపలేదు. టేకు మళ్ళీ మొదటికి వెళ్ళి ఆడటం మొదలుపెట్టింది.

"ఆపవే!"

అన్నయ్య గబగబా వెళ్ళి తెరకి అడ్డంగా నిలబడ్డాడు. వదిన ముఖం అతని చొక్కా మీద పడింది. గుండీలు తప్పు పెట్టుకున్న ఆ చొక్కా మడతల్లో ఆ కళ్ళు పైకి చూశాయి, కిందికి దిగాయి, ఆ నవ్వు అతని ఛాతీ మీద విచ్చుకుంది. అతనికి కనపడదు, కత్తెరమ్మకి కనపడుతోంది. మీట నొక్కేసింది. ఆ ముఖం అలాగే అతని మీద ఆగిపోయింది.

"అది నటన కాదే," అన్నాడు అన్నయ్య. గొంతు బాగా తగ్గిపోయింది. "ఆ రోజు అక్కడ నిలబడింది నేను. నన్నే చూసింది. నిజంగానే నేనెవరో తెలియనట్టు చూసింది. కర్ర ఊగితే బంతి ఊగుతుందని రెండు చేతులతో పట్టుకున్నాను. కట్ అనడానికి నోరు రాలేదు. అన్నాక ఏమనాలో తెలియక, పనికిరాదు, ఇంకోటి, అన్నాను. అప్పట్నించీ ఇంటికెళ్ళి తన ముఖం చూడాలంటే భయం."

"అన్నయ్యా..."

"అది తెర మీద వేస్తే ఊరూవాడా చూస్తారు. నా పెళ్ళానికి నేనెవరో తెలియదని హాలు నిండా జనం కూర్చుని చూస్తారు. వాటేసుకున్నదే ఉండనీ. చెప్పులు వెతుక్కుంటే వెతుక్కోనీ."

కత్తెరమ్మ ఏం చెప్పాలో ముందే అనుకుని వచ్చింది. సినిమా ముఖ్యం అన్నయ్యా, మూడేళ్ళ కష్టం అన్నయ్యా, ఇలా. ఒక్కటీ నోటికి రాలేదు. పైగా ఆవిడ మరో పని చేసి కూర్చుంది, అది అన్నయ్యకి ఇంకా తెలియదు. చెప్పడానికి ధైర్యం కూడదీసుకునేలోపే తలుపు తెరుచుకుంది. వరండాలోని ఎండ సన్నగా లోపలికి పడింది. ఆ ఎండలో మామయ్య. ఆయన వెనక వదిన.

"ఇదిగో, తీసుకొచ్చాను," అన్నాడు మామయ్య హుషారుగా. తర్వాత అన్నయ్యని చూశాడు, తెర చూశాడు, కత్తెరమ్మ ముఖం చూశాడు. "ఓహో. ఇంకా చెప్పలేదన్నమాట. నేను టీ తాగొస్తాను."

"ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు," అన్నాడు అన్నయ్య. చెల్లెలి వైపు తిరిగాడు. "నువ్వు పిలిచావా?"

"ఆ టేకులో మాట వినపడదు కదా. డబ్బింగుకి రమ్మన్నాను."

"నన్ను అడక్కుండా?"

"అడిగితే వద్దనేవాడివి."

వదిన ఈ మాటలేవీ వింటున్నట్టు లేదు. తెల్లటి మామూలు బట్టల్లో, జుట్టు ముడేసుకుని, ముఖాన ఏ రంగూ లేకుండా ఉంది. అన్నయ్య చొక్కా మీద ఆగిపోయి ఉన్న తన ముఖాన్నే చూస్తోంది. మెల్లగా దగ్గరికి వచ్చి, అతన్ని చేత్తో పక్కకి జరిపి, తెర మీది ముఖాన్ని చూసింది.

"ఇది పెడుతున్నారా?" అంది.

"పెట్టడం లేదు," అన్నాడు అన్నయ్య. "అది నటన కాదు, పెట్టకూడదు."

వదిన తల తిప్పి అతన్ని చూసింది. ఆవిడకి అంత కోపం రాగలదని కత్తెరమ్మ ఎప్పుడూ అనుకోలేదు.

"ఏమన్నావు? నచ్చలేదంటే పడతాను. నటన కాదంటే మాత్రం ఊరుకోను. మోకాళ్ళ మీద పడి ఏడవమన్నావు, ఏడ్చాను. ఇంకా గట్టిగా అన్నావు, ఇంకా గట్టిగా ఏడ్చాను. ఒక్కటీ కుదరలేదు, ఎందుకు కుదరలేదో నీకు తెలియలేదు. నాకు తెలిసింది. మర్చిపోయిన మనిషి ఎందుకు ఏడుస్తుంది? ఏడవాలంటే గుర్తుండాలి కదా. మర్చిపోయినవాళ్ళు మర్యాదగా ఉంటారు. నీతో చెబితే వినిపించుకోవని, అద్దం ముందు కూర్చుని పొద్దున్నంతా చేసి చూసుకుని వచ్చి, ఒక్క టేకు నా ఇష్టానికి చేశాను. నేను చేసినవాటన్నిట్లో మంచిది అదొక్కటే. దాన్ని పట్టుకుని పనికిరాదన్నావు."

మామయ్య గోడకి ఉన్న స్విచ్చులని శ్రద్ధగా పరిశీలించడం మొదలుపెట్టాడు.

అన్నయ్య ముఖంలో ఒక్కసారి వెలుగు వచ్చింది. పాపం, ఎంత ఆశో. "అయితే అది... నటనేనా? నన్ను నిజంగా అలా..."

"నటనే."

"అమ్మయ్య." సోఫాలో కూలబడ్డాడు. నవ్వాడు. "చంపేశావు కదే. ఇన్నాళ్ళూ నేను... అయితే ఆ నవ్వు! ఆ నవ్వు ఎలా వచ్చింది నీకు? ఎక్కడ చూసి పట్టావు?"

దర్శకుడి బుద్ధి ఎక్కడికి పోతుంది? కత్తెరమ్మకి అన్నయ్య నోరు మూసెయ్యాలనిపించింది. వదిన జవాబు చెప్పకముందే, ఎలాగో గానీ, ఆ జవాబేమిటో కత్తెరమ్మకి తెలిసిపోయింది.

"నీ దగ్గరే," అంది వదిన.



"సాయంత్రం తలుపు తీస్తాను," అంది. ఇప్పుడు కోపం లేదు. కథ చెబుతున్నట్టు నెమ్మదిగా చెబుతోంది. "నువ్వు నన్ను చూసి నవ్వుతావు. కొంచెం పక్కకి జరుగుతావు, నేను దారికి అడ్డమన్నట్టు. లోపలికి వెళ్ళిపోతావు. మొదట్లో కొండ గురించి ఆలోచిస్తున్నావులే అనుకున్నాను. ఆ నవ్వు మూడేళ్ళు చూశాను. నేనేం కనిపెట్టలేదు, నువ్వు చేసిందే చేశాను. అద్దంలో సరిగ్గా కుదిరినప్పుడు నాకే భయం వేసింది."

అన్నయ్య చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, వాటినే చూస్తూ కూర్చున్నాడు. కత్తెరమ్మకి అన్నయ్య మీద కోపం రావాలి, రాలేదు. జాలి వచ్చింది, ఆ జాలి మీద కోపం వచ్చింది. పదిమందిని కొండ ముందు నోళ్ళు తెరుచుకుని నిలబెట్టడానికి మూడేళ్ళు ఒళ్ళు హూనం చేసుకున్న మనిషికి, తన ఇంటి గుమ్మంలో ఎవరు నిలబడ్డారో కనపడలేదు. తను మాత్రం? ఆ ముఖాన్ని రోజూ తెర మీద ముందుకీ వెనక్కీ తిప్పి చూసింది. అందులో ఏముందో ఒక్కసారైనా అడిగిందా?

"పెట్టె కింద కార్లో ఉంది," అంది వదిన. "మా అక్క దగ్గరికి వెళ్తున్నాను. నువ్వు ఇంటికొచ్చి చూసుకుంటావని చీటీ రాసి పెట్టబోయాను, ఎప్పుడొస్తావో తెలియక మానేశాను. నీ చెల్లి ఫోన్ చేసి ఒక్క మాట మిగిలిందంది. సరే, అది చెప్పేసి వెళ్దామని వచ్చాను."

"మళ్ళీ ఎప్పుడొస్తావు?" అన్నాడు అన్నయ్య.

"తెలియదు."

"వదినా," అంది కత్తెరమ్మ. ఆ క్షణాన ఆవిడకి సినిమా ఏమైపోయినా పరవాలేదనిపించింది. కొండ లేవకపోయినా పరవాలేదు, నదులు అలాగే ఎండిపోయినా పరవాలేదు. "వద్దులే వదినా. మాటా వద్దు, టేకూ వద్దు. వాటేసుకున్నదే పెట్టేస్తాను."

"పెట్టావంటే నీతో మాట్లాడను," అంది వదిన. "అది నేను చేసిన పని. మా ఇద్దరి గొడవలో పడి దాన్ని చెత్తబుట్టలో ఉండనిస్తానా? పడవావిడ అన్నీ పోగొట్టుకుని కొండని లేపింది. ఆవిడ పోగొట్టుకున్నది జనం చూడాలి."

కత్తెరమ్మ అన్నయ్య వైపు చూసింది. సినిమా అతనిది. వద్దంటే ఇప్పటికీ వద్దే. అతను చాలాసేపు తెర మీది ముఖాన్ని చూశాడు. ఈసారి అడ్డం నిలబడలేదు, కళ్ళు తిప్పుకోలేదు.

"పెట్టు," అన్నాడు. ఫోను తీసి గ్రాఫిక్స్ వాళ్ళకి చెప్పాడు. "పక్షులు వద్దు. రాళ్ళూ వద్దు. అవును బాబూ, అన్నీ తీసెయ్యండి."

డబ్బింగు గది పక్కనే. అద్దం కిటికీకి ఇవతల మామయ్య పరికరాలు, అవతల మైకు, గోడలకి మెత్తటి పరుపులు. ఆ గదిలోకి వెళ్తే మన ఊపిరి మనకే వినపడుతుంది. లోపల ఎర్ర దీపం వెలిగిందంటే, మాట చెప్పాల్సినవాళ్ళు తప్ప ఇంకెవరూ కిక్కురుమనకూడదు. అది మామయ్య చట్టం. ఓసారి తుమ్మాడని ఓ పెద్ద నటుణ్ణే బయటికి పంపించాడాయన.

వదిన మైకు ముందు నిలబడింది. మామయ్య బొమ్మ వేశాడు. పెదవులు కదిలే చోటు వచ్చింది, ఆవిడ మాట చెప్పలేదు. మళ్ళీ వేశాడు. మళ్ళీ చెప్పలేదు.

"గాల్లోకి చూసి చెప్పలేను మామయ్యగారూ," అంది. "ఎదురుగా ఎవరో ఒకరు నిలబడాలి."

"నేను రానా తల్లీ?"

"మిమ్మల్ని చూస్తే నవ్వొస్తుంది."

మామయ్య కత్తెరమ్మ వంక చూశాడు. కత్తెరమ్మ లేవబోయింది. ఈలోపే అన్నయ్య తలుపు తీసుకుని లోపలికి వెళ్ళాడు. వెళ్ళి, మైకుకి అవతల, వదినకి ఎదురుగా నిలబడ్డాడు. ఈసారి చేతిలో కర్ర లేదు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. వదిన వద్దనలేదు. ఎర్ర దీపం వెలిగింది.

అద్దం కిటికీలోంచి చూస్తున్న కత్తెరమ్మకి మళ్ళీ ఆ కల లాంటిది కమ్ముకుంది. ఎర్రటి వెలుగులో ఆ ఇద్దరూ నీళ్ళ అడుగున ఉన్నట్టున్నారు. చెవులకి పెట్టుకున్న హెడ్‌ఫోన్లలో కొండ ఊపిరి, పెద్దగా, నెమ్మదిగా. అత్తయ్య గురకే అది, తెలుసు, అయినా నేల అదురుతున్నట్టే ఉంది. తెర మీద పడవావిడ చూపు దించింది. లోపల వదిన చూపు దించింది. రెండు ముఖాల్లోనూ ఒకే నవ్వు విచ్చుకుంది.

"ఎవరండీ మీరు?"

మామయ్య చెయ్యి గాల్లో ఆగిపోయింది. వదిన మెత్తగా అడిగింది. ఏ నిష్ఠూరమూ లేదు. నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టుంది. కత్తెరమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కుదిరింది, ఇంకో టేకు అక్కర్లేదు. ముందు వరస పెద్దావిడ ఇక చెప్పుల జోలికి పోదు, కాళ్ళు కూడా గుర్తుండవు ఆవిడకి.

బొమ్మ అయిపోయింది. తెర నల్లబడింది. కొండ ఊపిరి ఆగిపోయింది.

మామయ్య ఇప్పుడు మీట నొక్కి రికార్డింగు ఆపాలి. ఆపలేదు. ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది. లోపల వదిన మైకు దగ్గర్నించి కదల్లేదు, చూపు తిప్పలేదు, ఆ నవ్వు మాత్రం ముఖంలోంచి వెళ్ళిపోయింది. అడిగిన మాటకి జవాబు కోసం చూస్తోంది.

అన్నయ్య తప్పుపెట్టుకున్న గుండీని వేళ్ళతో తడుముకున్నాడు. తల ఎత్తి భార్య ముఖంలోకి చూశాడు. ఎర్ర దీపం వెలిగితే ఎవరూ నోరెత్తకూడదని అతనికి తెలుసు.

"నేను..." అన్నాడు.